ఇంట్లో ఆడకుక్క హీట్‌కి (ఎదకి) వచ్చింది, పక్కనే ఆపరేషన్ కాని మగది ఉంది: ఆ నాలుగు వారాలు ఎలా గట్టెక్కాలి

మా ఇంట్లో మొదటిసారి ఫెయిలయ్యాం, ఏడు పిల్లలు పుట్టాయి. రెండోసారి గట్టెక్కాం. కాబట్టి ఇందులో సగం చేయాల్సినవి, సగం మేం చేసి నాలుక కరుచుకున్నవి.

మాది హైదరాబాద్ నిజాంపేటలో మూడో ఫ్లోర్, టూ బీహెచ్‌కే. బంటీ నాలుగేళ్ల ల్యాబ్రడార్, మగది, ఆపరేషన్ చేయించలేదు, ఎందుకంటే మా ఆయన "పాపం మగాడు, వాడికెందుకే ఆ శిక్ష" అని ప్రతిసారీ వాయిదా వేశాడు, అదేదో తనకే చేస్తారన్నట్టు. మల్లి మా సెల్లార్లో వాన రోజు దొరికిన వీధికుక్క పిల్ల. తొమ్మిది నెలలకే హీట్‌కి వచ్చింది. మామూలుగా 6 నెలల నుంచి ఏడాది లోపు వస్తుంది, పెద్ద జాతులకి ఏడాదిన్నర కూడా పట్టొచ్చు. మేం "ఇంకా చిన్నపిల్లే కదా" అనే మత్తులోనే ఉన్నాం.

మిగతాది చదివినా చదవకపోయినా ఈ ఒక్కటి చదవండి. రక్తం ఆగిపోతే హీట్ అయిపోయిందని అనుకోకండి, అసలు కథ అప్పుడే మొదలవుతుంది. మనకి పీరియడ్స్ ఎప్పుడొస్తాయి, అండం విడుదలై, గర్భం నిలవకపోతే, ఆ తర్వాత రెండు వారాలకి. కుక్కకి మొత్తం రివర్స్, ముందు రక్తం, తర్వాత అండం. మనం మన లెక్కే దానికీ వేసుకుని, నేల మీద చుక్కలు కనపడట్లేదు కాబట్టి గండం గడిచిందని తలుపు తీస్తాం, సరిగ్గా ఆ రోజుల్లోనే అది మగదాన్ని దగ్గరికి రానిస్తుంది. ఇంట్లో అనుకోకుండా క్రాసింగ్ అయిపోయిన కేసులు నేను విన్నవాటిలో చాలావరకు ఇలా జరిగినవే, మాది కూడా.

లెక్క ఇలా పెట్టుకోండి. మొదటి రక్తపు చుక్క చూసిన రోజు 1వ రోజు. అక్కడి నుంచి సుమారు 9, 10 రోజులు ఎర్రగా అవుతుంది, వెనక భాగం వాస్తుంది, అది అదేపనిగా నాక్కుంటుంది, మాటిమాటికీ కొంచెం కొంచెం యూరిన్ పోస్తుంది. ఈ రోజుల్లో మగది వెంటపడుతుంది కానీ ఇది ఒప్పుకోదు, కూర్చుండిపోతుంది, లేదా గుర్రుమంటుంది. దాన్ని చూసి "మా అమ్మాయి చాలా స్ట్రిక్టు" అని మురిసిపోకండి. తర్వాత ఇంకో 9, 10 రోజులు రంగు పలచబడుతుంది, మాంసం కడిగిన నీళ్ళలాగా, తర్వాత ఎండుగడ్డి రంగులోకి. వాపు గట్టిగా ఉన్నది మెత్తబడుతుంది. నడుము చివర గోకితే తోక పక్కకి తిప్పి నిలబడిపోతుంది. ఇదే అసలు టైమ్.

ఇవి సగటు లెక్కలు, కుక్కలు క్యాలెండర్ చూసుకుని నడవవు. కొన్నిటికి మొదటి భాగం మూడు రోజుల్లోనే అయిపోతుంది, కొన్నిటికి పదిహేడు రోజులు సాగుతుంది, కొన్నిటికి చివరిదాకా ఎర్రగానే ఉంటుంది. కొన్ని ఎంత శుభ్రంగా నాక్కుంటాయంటే మీకు ఒక్క చుక్క కూడా కనపడదు. అందుకని రోజూ పొద్దున్నే తెల్ల టిష్యూతో మెల్లగా అద్ది చూడండి. నేను వంటింట్లో ఉన్న తెలుగు క్యాలెండర్ మీదే రాసేదాన్ని, ఏకాదశి అని ఉన్న గళ్ళో పక్కన "మల్లి 9, ఎరుపు", మాస శివరాత్రి రోజు "మల్లి 12, గులాబీ". అమ్మ చూసి "దేవుడి క్యాలెండర్ మీద ఇవేం రాతలే" అంది, కానీ ఆ రాతలే తర్వాత డాక్టర్‌కి పనికొచ్చాయి.

ఇంకో చిక్కు ఉంది. మగదాని వీర్యం ఆడదాని లోపల వారం దాకా బతికి ఉండగలదు. అండం విడుదలయ్యాక అది తయారవడానికే ఇంకో రెండు మూడు రోజులు పడుతుంది. అంటే "ఇంకా తొందర, ఏం కాదు" అనుకున్న రోజు కలిసినా పిల్లలు రావచ్చు, "లేట్ అయిపోయింది" అనుకున్న రోజు కలిసినా రావచ్చు. అందుకే సేఫ్ రోజుల లెక్కలు వేయొద్దు. 1వ రోజు నుంచి 28వ రోజు దాకా విడిగా ఉంచండి, ఆ తర్వాత కూడా వాపు పూర్తిగా తగ్గి మగది దాన్ని మామూలుగా చూస్తేనే కలపండి.

మా మొదటిసారి సంగతి. 13వ రోజు. టిష్యూ మీద దాదాపు ఏమీ లేదు. నేను ఆఫీసులో, మా ఆయన ఆఫీసులో, అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. మధ్యాహ్నం ఫోన్, "అయిపోయిందిలే అని పాపం గదిలోంచి వదిలానే, ఇవి రెండూ వెనక్కీ వెనక్కీ అతుక్కుని నిలబడ్డాయి, పక్కింటావిడ బకెట్ నీళ్ళు పోయమంటోంది, పోయనా?" అని. పోయొద్దమ్మా అని అరిచాను, క్యూబికల్‌లో అందరూ తలెత్తి చూశారు.

మీకూ అలాగైతే నీళ్ళు పోయకండి, కొట్టకండి, లాగకండి, పటాసులు అసలే వద్దు. మగదాని అంగం మొదట్లో ఒక ఉబ్బు లోపలికి వెళ్ళాక పెద్దదై లాక్ అవుతుంది, అది దానంతట అది తగ్గితేనే విడిపోతాయి, 5 నిమిషాలు కావచ్చు, అరగంట కావచ్చు. మధ్యలో లాగితే రెండిటికీ లోపల చీరుకుపోతుంది. రెండిటి కాలర్లు పట్టుకుని, ఆడది ఈడ్చుకుపోకుండా, కింద కూలబడకుండా చూస్తూ ఊరుకోవడమే. ఎలాగూ లాక్ పడేసరికి జరగాల్సింది జరిగిపోయింది, విడదీసి సాధించేదేం లేదు. ఇంకొకటి, లాక్ అవ్వలేదు కదా అని ధీమా పడకండి, లాక్ లేకుండా కూడా చూలు కట్టవచ్చు. ఒకసారి అయిపోయింది కదా ఇంకేముందిలే అని తర్వాత కలిపి వదిలేయకండి కూడా, బయట ఇంకో కుక్కతో కలిస్తే ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు కూడా పుడతాయి.

ఆ రోజే వెట్‌కి ఫోన్ చేసి తేదీతో సహా చెప్పండి. చాలామంది "మర్నాడు ఒక ఇంజెక్షన్ వేస్తే సరి" అంటారు. పాతకాలం ఈస్ట్రోజెన్ ఇంజెక్షన్ అయితే మాత్రం జాగ్రత్త, అది ఎముక మూలుగని దెబ్బతీసి రక్తహీనత తేవచ్చు, గర్భసంచిలో చీము పట్టించవచ్చు, కాబట్టి ఏం మందు ఇస్తున్నారో పేరడిగి తెలుసుకోండి, అడిగితే తప్పేం కాదు. అగ్లెప్రిస్టోన్ అని ఒక మందు ఉంది, 24 గంటల తేడాతో రెండు డోసులు, కలిసిన 45 రోజుల లోపు పనిచేస్తుంది, మీ దగ్గర దొరుకుతుందా అనేది మీ డాక్టరే చెప్పాలి. లేదా 25 నుంచి 28 రోజులకి స్కాన్ తీయించి, చూలు ఉందో లేదో తేలాక స్పే, అంటే ఆడదానికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, చేయించడం. మేం ఏం చేశామంటే, ఏమీ చేయలేదు. అమ్మ పాపం అంది, నేను చూద్దాం అన్నాను, మా ఆయన మాట్లాడలేదు, ఇలా ముగ్గురం నానుస్తూ ఉండగా, కలిసిన 62వ రోజు తెల్లవారుజామున బాత్రూమ్ పక్కన ఏడు పిల్లలు, ఐదు ఆడవి. వాటికి ఇళ్ళు వెతకడానికి నాలుగు నెలలు పట్టింది. ఫోన్ చేసినవాళ్ళందరి మొదటి ప్రశ్న "మగదా ఆడదా" అని, ఆడది అనగానే "మళ్ళీ చెప్తామండి". ఎందుకొద్దంటారో మనకి తెలుసు, హీట్ గొడవ. అదే గొడవలోంచే కదా ఇవి పుట్టింది.

పిల్లలు పాలు మానాక స్పే చేయిద్దాం అనుకున్నాం, పాలు ఇంకడానికి కొన్నాళ్ళు, అమ్మ కాలు బెణికి కొన్నాళ్ళు, దసరా ఒకటి, ఈలోగా మల్లి మళ్ళీ హీట్‌కి వచ్చేసింది. 6, 7 నెలలకోసారి వస్తుందని తెలిసి కూడా. ఈసారి మాత్రం పద్ధతిగా చేశాం.

అన్నిటికన్నా మంచి ఉపాయం ఒకదాన్ని ఇంట్లోంచి పంపేయడం. పంపితే మగదాన్ని పంపండి. వాసన తగలని చోట వాడు రెండు రోజుల్లో మామూలైపోతాడు, హాయిగా తింటాడు. ఆడదాన్ని పంపితే అది వెళ్ళిన చోటల్లా ఆ వీధి కుక్కలన్నీ గేటు ముందు సభ పెడతాయి, పైగా బోర్డింగ్ వాళ్ళు చాలామంది హీట్‌లో ఉన్నదాన్ని తీసుకోరు. బంటీని మా మరిది వాళ్ళింటికి, సుచిత్ర సర్కిల్ వైపు పంపాం. 7వ రోజు వెళ్ళి 20వ రోజు వచ్చేశాడు, ఎందుకంటే అక్కడ మా తోడికోడలి సోఫా ఒకటి తినేశాడు. ముందు వారం, చివరి వారం ఇంట్లోనే నెట్టుకొచ్చాం.

ఇంట్లో అయితే సూత్రం ఒకటే, రెండిటి మధ్య ఎప్పుడూ రెండు తలుపులు ఉండాలి. ఒక తలుపు ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు తీస్తారు, రెండోది అందుకే. మల్లి మాస్టర్ బెడ్‌రూమ్‌లో, బంటీ హాల్లో, మధ్యలో ఉన్న చిన్న నడవకి ఇంకో తలుపు. బెడ్‌రూమ్ తలుపు తీసేముందు నడవ తలుపు వేసి ఉందో లేదో చూడాలి. హ్యాండిల్ కిందకి నొక్కే రకం తలుపుల్ని ల్యాబ్ కాలితో తీసేస్తుంది, బంటీ ఎప్పుడో నేర్చుకున్నాడు, కాబట్టి పైన గొళ్ళెం పడాల్సిందే. ఆ గొళ్ళేనికి ఒక ఎర్ర రిబ్బన్ కట్టాం, రిబ్బన్ వేలాడుతుంటే లోపల మల్లి ఉన్నట్టు. పనమ్మాయికి, నీళ్ళ క్యాన్ అబ్బాయికి, ఆడుకోడానికి వచ్చే పక్కింటి పిల్లలకి అందరికీ చెప్పాం. తలుపు తీసేవాళ్ళు గట్టిగా "మల్లి బయటికి" అని అరవాలి, ఎవరైనా బంటీ కాలర్ పట్టుకుని "ఊఁ" అన్నాకే తీయాలి. రైల్వే గేట్‌మన్ లెక్క అనిపిస్తుంది కానీ పనిచేసింది.

పిల్లల కోసం పెట్టే గేటు చాలదు, మగవాడు దూకేస్తాడు. గ్రిల్ కూడా నమ్మకండి, కడ్డీల సందులోంచి కూడా కానిచ్చేస్తాయి, ఇది జోక్ కాదు. ఆడదాన్ని బోనులో పెట్టి అదే గదిలో మగదాన్ని వదలడం అయితే రెండిటికీ నరకం.

డైపర్ నేల కోసం మాత్రమే, కాపలా కోసం కాదు. మగది దాన్ని పీకేస్తుంది, పక్కకి జరిపేస్తుంది. మేం చిన్నపిల్లల కాటన్ చెడ్డీకి తోక కోసం చిల్లు పెట్టి లోపల ప్యాడ్ అంటించాం, అమ్మే కుట్టింది, చుట్టూ కాజా కుట్టు కూడా వేసింది. మూడు నాలుగు గంటలకోసారి మార్చండి, రోజులో కాసేపు ఏమీ లేకుండా వదలండి, లేకపోతే ఒరుసుకుపోయి ర్యాష్ వస్తుంది. గోరువెచ్చటి నీళ్ళతో తుడిస్తే చాలు, సబ్బులు డెటాల్‌లు అక్కడ వద్దు.

వాసన పోవడానికి తోకకి విక్స్ రాయండి, కర్పూరం పెట్టండి అని సలహాలొస్తాయి. విక్స్‌లో ఉండేదీ కర్పూరమే, అది నాకితే కుక్కకి విషం, పైగా మగదాని ముక్కుని అది మోసం చేయలేదు. నేల తుడవడానికి ఫినాయిల్ కూడా మానండి, పాదాలకి అంటి నాక్కుంటాయి. యూరిన్ మీద బ్లీచింగ్ అసలు వేయకండి, ఆ రెండూ కలిస్తే వచ్చే గాలి మీకే మంచిది కాదు. పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వాడండి. టైల్స్ అయితే వెనిగర్ కలిపిన నీళ్ళు కూడా సరిపోతాయి, మార్బుల్ అయితే వెనిగర్ వద్దు, మచ్చలు పడతాయి.

మల్లిని బయటికి తీసుకెళ్ళడం ఇంకో ప్రహసనం. చిత్తకార్తె కుక్కల్లా అని ఊరికే తిట్టరు కదా. ఆ కార్తె అక్టోబర్ రెండో వారం నుంచి రెండు వారాలు, వానలు తగ్గే ఆ రోజుల్లోనే వీధుల్లో ఆడకుక్కలు ఎక్కువగా ఎదకొస్తాయి, ఇంట్లో పెరిగేవాటికి మాత్రం కార్తెతో పనిలేదు, ఏ నెలైనా వస్తాయి. మల్లి రెండోసారి వచ్చింది సరిగ్గా ఆ చిత్తకార్తెలోనే, ఇంక మా గేటు ముందు సంగతి చెప్పక్కర్లేదు, వాచ్‌మన్ మూడు రోజులు మాతో మాట్లాడలేదు. హార్నెస్‌కి (ఒంటికి తొడిగే పట్టీకి) ఒక లీష్, కాలర్‌కి ఇంకో లీష్, రెండూ చేతిలో ఉండాలి, ఎందుకంటే ఈ రోజుల్లో ఎంత బుద్ధిమంతురాలైనా మెడ తప్పించుకుని పరిగెడుతుంది. పొద్దున ఐదింటికి, రాత్రి పదకొండింటికి, వీధి ఖాళీగా ఉన్నప్పుడే. వీలైతే సెల్లార్లోనే కారెక్కించి నాలుగు వీధుల అవతల దింపండి, గేటు దగ్గర యూరిన్ పోస్తే ఆ వాసనకి కుక్కలు అక్కడే కాపురం పెడతాయి. పోసిన చోట ఒక సీసా నీళ్ళు కుమ్మరించండి. డాబా మీద ఒంటరిగా వదలొద్దు, పిట్టగోడ కుక్కకి గోడే కాదు.

ఇక మగవాడి బాధ. వాడు తిండి మానేస్తాడు, రాత్రంతా సన్నగా ఈల వేసినట్టు ఏడుస్తాడు, తలుపు కింద సందులో ముక్కు పెట్టి పడుకుంటాడు, పళ్ళు టకటకలాడిస్తాడు, నోట్లోంచి నురగ. ఎప్పుడూ లేనిది ఇంట్లో ఫ్రిజ్‌కి కాలెత్తుతాడు. తిట్టకండి, వాడి చేతిలో లేదది. రోజుకి రెండు పెద్ద వాకింగ్‌లు, వాసన చూసుకుంటూ మెల్లగా నడిచేవి, ఇంటికొచ్చాక నమలడానికి ఏదైనా. బంటీకి పెరుగన్నంలో ఉడికించిన చికెన్ చిదిమి కలిపితే కొంచెం తిన్నాడు. రెండు రోజులు దాటి అసలు ముట్టకపోయినా, వాంతులైనా వెట్ దగ్గరికి తీసుకెళ్ళండి, అన్నిటికీ ప్రేమే కారణం కాదు. మీరు ఆడదాన్ని ఎత్తుకున్న బట్టలతో వాడి దగ్గరికి వెళ్ళకండి, నేను నైటీ మార్చకుండా వెళ్తే నా మోకాలికి పట్టుకుని వదల్లేదు. దాని బెడ్‌షీట్లు వేరే బకెట్లో నానబెట్టండి. రెండు మగవి ఉంటే వాటిని కూడా విడదీయాలి, ఎప్పుడూ పోట్లాడనివి కూడా ఈ రోజుల్లో కరుచుకుంటాయి, మధ్యలో చెయ్యి పెడితే మీకే పడుతుంది.

"ఇవి అన్నాచెల్లెళ్ళండీ, చిన్నప్పటి నుంచి కలిసి పెరిగాయి, ఏం చేసుకోవు" అనేవాళ్ళకి ఒక దండం. కుక్కలకి వావి వరసలు లేవు. ఆరు నెలలు దాటిన ఏ మగదాన్నీ పిల్లాడు అనుకోవద్దు. అలాగే "ఒక్కసారి పిల్లల్ని పెట్టనిస్తే ఆరోగ్యానికి మంచిది" అన్నది కూడా ఉత్త మాట, ఆ ఏడింటినీ పెంచినదాన్ని చెప్తున్నా. హీట్ రాకుండా హార్మోన్ ఇంజెక్షన్ వేయించేద్దాం అనుకుంటే, వాటితో గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం, రొమ్ము గడ్డల ప్రమాదం పెరుగుతాయి.

హీట్ అయిపోయాక కూడా రెండు నెలలు ఓ కన్నేసి ఉంచాలి. నీళ్ళు మరీ ఎక్కువ తాగడం, తిండి మానడం, వాంతులు, నీరసం, పొట్ట ఉబ్బడం, వెనక నుంచి చీములాగా కారడం, వీటిలో ఏది కనపడినా పయోమెట్రా అయ్యుండొచ్చు, అంటే గర్భసంచిలో చీము. ఒక్కోసారి బయటికి ఏమీ కారకుండా లోపలే నిండిపోతుంది, అది ఇంకా డేంజర్. రేపు చూద్దాం అనే జబ్బు కాదు, అదే రోజు హాస్పిటల్.

మల్లికి అది రాలేదు కానీ ఏడో వారంలో ఇంకో చిత్రం చూశాం. ఎవరితోనూ కలవలేదు, అయినా పాలు దిగాయి, అమ్మ రబ్బరు చెప్పు ఒకటి తన బెడ్‌లో పెట్టుకుని నాకుతూ కూర్చుంది, ఎవరైనా ముట్టుకుంటే గుర్రు. ఉత్తుత్తి చూలు, కుక్కల్లో మామూలే. పిండకండి, పిండితే పాలు ఇంకా వస్తాయి. మూడు వారాల్లో తగ్గింది, అమ్మ ఆ మూడు వారాలూ ఒంటి చెప్పుతో తిరిగింది.

హీట్‌లో ఉండగానే స్పే చేయించేద్దామంటే డాక్టర్లు సాధారణంగా ఆగమంటారు, ఆ టైమ్‌లో అక్కడి రక్తనాళాలు ఉబ్బి బ్లీడింగ్ ఎక్కువవుతుంది. 2, 3 నెలలు ఆగి, పాలు కూడా పూర్తిగా ఇంకాక చేయిస్తారు. ప్రైవేట్‌లో ఖర్చు ఎక్కువనిపిస్తే హైదరాబాద్‌లో నారాయణగూడ గవర్నమెంట్ పశువుల ఆసుపత్రి, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ, ఆంధ్రాలో గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల్లో కనుక్కోండి. మల్లికి మూడో నెలలో అయిపోయింది. బంటీకి కూడా అదే వారం చేయించాం, ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు మా ఆయన మొహం చూడాల్సింది.

మగదాని ఆపరేషన్‌లో తెలియని విషయం ఒకటుంది, కోసిన రోజు నుంచే అంతా బంద్ కాదు. ముందే తయారై నాళాల్లో మిగిలిన వీర్యంతో కొన్ని వారాల దాకా చూలు చేయగలడు. ఇంట్లో ఆడది హీట్‌లో ఉందని కంగారుగా మగదానికి కోయించేస్తే ఆ హీట్‌కి అది అక్కరకి రాదు, తలుపులూ గొళ్ళేలూ తప్పవు. బంటీకి కుట్లు తీసిన వారానికే రెండో ఫ్లోర్ వాళ్ళ పగ్ హీట్‌కి వచ్చింది, లిఫ్ట్ దగ్గర వీడు మళ్ళీ అదే ఈల. వాళ్ళేమో "మీవాడికి అయిపోయిందిగా, వదలండి పాపం ఆడుకుంటారు" అన్నారు. నెలన్నర దాకా వదలనని చెప్పి మెట్ల మీద నుంచే తీసుకెళ్ళాను, మీరూ అంతే చేయండి.